లెక్కలోకి రాని లెక్క

తెలుగులో అమ్మ మీద రాసిన కథలూ కవితలూ ఓ పాతిక వరసగా చదివి చూడండి. ఒక వాక్యం ఎక్కడో ఒకచోట తగుల్తుంది. మాటలు అటూ ఇటూ మారతాయి గానీ సారం ఒకటే: మా అమ్మ తనకంటూ ఎప్పుడూ ఏమీ కొనుక్కోలేదు. ఇది ఎక్కువగా చివర్లో వస్తుంది. అప్పటికి చిరుగు కుట్టిన చీరా, పోపుల డబ్బాలో దాచిన చిల్లరా, పిల్లల ఫీజులూ అన్నీ వచ్చిపోయి ఉంటాయి. ఈ వాక్యం దగ్గరికి వచ్చేసరికి పాఠకుడి కళ్లు చెమర్చాలి. చెమరుస్తాయి కూడా. నావీ చాలాసార్లు చెమర్చాయి.

కళ్లు తుడుచుకున్నాక అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ వాక్యం నిజమేనా? నిజమైతే అది పొగడాల్సిన సంగతేనా? నిజం కాకపోతే, ఆమె కొనుక్కున్నది కథ చెప్పేవాడికి ఎందుకు కనపళ్లేదు? ఈ మూడు ప్రశ్నలూ పెట్టుకుని, నేను ఇష్టంగా చదివిన కొన్ని కథల్నీ మా ఇంటి గోడమీది క్యాలెండర్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచినవి ఇక్కడ రాస్తున్నాను.

మాది ముద్దనూరు. బంగారానికీ బట్టలకూ ప్రొద్దుటూరు పోతాం. జమ్మలమడుగూ పులివెందులా చుట్టాల ఊళ్లు. మా వైపు డబ్బును 'లెక్క' అంటారు. "లెక్క ఉందా?" అంటే చేతిలో డబ్బులున్నాయా అని. "వానికి లెక్క ఇయ్యాల" అంటే బాకీ తీర్చాలని. మిగతా తెలుగువాళ్లకు లెక్క అంటే కూడికా తీసివేతా. మాకు ఆ కూడికా అదే, జేబులో నోటూ అదే. నోటు ఇంట్లోకి వచ్చేలోపే అది ఏ ఖర్చుకు పోవాలో రాసిపెట్టి ఉంటుంది కాబట్టి ఈ మాట అలా స్థిరపడిందేమో అని నాకో ఊహ. దీనికి భాషాశాస్త్రంలో ఆధారం ఉందని చెప్పను గానీ, ఇంట్లో జరిగేది మాత్రం అచ్చం అదే. ఇంకో సంగతి కూడా ఉంది. తెలుగులో 'లెక్కచేయడం' అంటే ఖాతరు చేయడం, మనిషిని మనిషిగా గుర్తించడం. ఒక ఇంట్లో ఏ ఖర్చును లెక్కలో రాస్తారో చూస్తే ఆ ఇంట్లో ఎవరిని లెక్కచేస్తారో తెలిసిపోతుంది. సాహిత్యం విషయంలోనూ ఇంతే.

* * *

ముందు ప్రేమ్‌చంద్ 'ఈద్గాహ్' తీసుకుంటాను. మనలో చాలామంది దాన్ని స్కూల్లో హిందీ పాఠంగా చదివాం. తల్లీదండ్రీ లేని హమీద్ దగ్గర పండగ ఖర్చుకు మూడు పైసలు ఉంటాయి. తోటి పిల్లలు మిఠాయిలు తింటారు, మట్టిబొమ్మలు కొంటారు, రంగులరాట్నం ఎక్కుతారు. హమీద్ ఆ మూడు పైసలూ పెట్టి నాయనమ్మ అమీనాకు పట్టకారు కొంటాడు, రొట్టెలు కాల్చేటప్పుడు ఆమె వేళ్లు కాలుతున్నాయని. మా అయ్యవారు ఈ పాఠం చెప్పాక "చూడండ్రా, పిల్లోడంటే ఇట్లుండాల" అన్నారు. దేశమంతా ఈ కథను అలాగే చెప్పి ఉంటారు. త్యాగానికి మార్కులు వేసే పాఠంగా.

కానీ కథను మళ్లీ చదివితే, హమీద్ పట్టకారు చూపించగానే అమీనా మురిసిపోదు. ముందు గుండె బాదుకుంటుంది. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా తాగకుండా ఈ ఇనప్ముక్క తెస్తావా అని కోప్పడుతుంది. తర్వాతే ఆ కోపం ప్రేమగా కరుగుతుంది, ఆమె చిన్నపిల్లలా ఏడుస్తుంది. ప్రేమ్‌చంద్ అక్కడ ఇద్దరి వయసులూ తారుమారు చేస్తాడు. హమీద్ ముసలివాడి పాత్ర ఆడాడు, అమీనా పసిపిల్ల అయింది. నాకు ఇందులో త్యాగం మీద పొగడ్త కనపడదు. పిల్లవాడు పిల్లవాడిగా ఉండలేకపోయాడన్న దుఃఖం కనపడుతుంది. అమీనాకు ఆ మిఠాయి విలువ తెలుసు. హమీద్ తినని మిఠాయి ఆ కథలో ఒక నష్టంగానే నమోదైంది. పాఠం చెప్పినవాళ్లు ఆ నష్టాన్ని కొట్టేసి, లాభం ఒక్కటే చదివి వినిపించారు.

రెండోది చాసో 'వాయులీనం'. భార్య రాజ్యానికి జబ్బు చేస్తుంది. వైద్యానికి డబ్బు చాలదు. పెళ్లికి ముందు ఆమె వాయించిన వయొలిన్ ఇంట్లో మూలన ఉంటుంది. సంసారంలో పడ్డాక ఆమె వాయించడం మానేసింది. భర్త దాన్ని అమ్మి వైద్యం చేయిస్తాడు, మిగిలిన డబ్బుతో ఆమెకు చీర తెస్తాడు. కథలో దుర్మార్గుడెవరూ లేరు. మనిషి బతికింది. ఊరికే పడున్న వస్తువు పనికొచ్చింది. పైగా కొత్త చీర వచ్చింది. ఇంటి జమాఖర్చుల పుస్తకంలో ఈ పద్దు పైసాతో సహా సరిపోతుంది. సరిపోయిన ఆ పద్దే మనల్ని కలవరపెడుతుంది.

చాసో గొప్పతనం ఎక్కడుందంటే, ఆ చీరను పెట్టడంలో ఉంది. వయొలిన్ అమ్మడం ఒక్కటే ఉంటే అది పేదరికం కథ అయ్యేది. చీర వచ్చేసరికి ఇంకో ప్రశ్న పుట్టింది: ఆమె సరదా ఏమిటో ఎవరు నిర్ణయిస్తారు? చీర భర్త దృష్టిలో ఆమెకిచ్చిన బహుమతి. వయొలిన్ ఆమె తన దృష్టిలో తనకు తాను ఇచ్చుకున్నది. ఇంటి ఆర్థికంలో మొదటిదానికి పేరుంది, గౌరవం ఉంది, నలుగురికీ చూపించే వీలుంది. రెండోదానికి పద్దు లేదు. కాబట్టి అమ్మేటప్పుడు అది ఖర్చు కింద కూడా కనపడలేదు.

ఈ రెండు కథల్నీ కలిపి చూస్తే, మంచి కథకులు పొదుపును చూసినప్పుడు దానికోసం వదులుకున్నదాన్ని కూడా చూశారని తెలుస్తుంది. వదులుకోవడమే గొప్ప అని వాళ్లు అనలేదు. అన్నది మనం.

* * *

ఇక మా ఇంటి క్యాలెండర్ల సంగతి. మా ముద్దనూరు చుట్టూ నల్లరేగడి. శనగా పత్తీ పండే నేల. రైతు ఇంట్లోకి లెక్క ఏడాదికి ఒకసారి, పంట అమ్మినప్పుడు వస్తుంది. వచ్చిన రోజే విత్తనాల బాకీ, మందుల బాకీ, చేబదుళ్లూ తీర్చగా మిగిలింది మళ్లీ పంట దాకా రావాలి. 1994లో కలమళ్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ నడవడం మొదలయ్యాక మా వైపు నెల జీతం అనే కొత్త సంగతి వచ్చింది. మా నాయన మొదట రైతు, తర్వాత థర్మల్‌లో కాంట్రాక్టు పని. అందువల్ల మా అమ్మ రెండు రకాల లెక్కలూ నడిపింది. ఏడాదికోసారి వచ్చేదాన్ని పన్నెండు నెలలకు సాగదీసే లెక్క ఒకటి, నెలనెలా వచ్చేదాంట్లో కొంత తీసి బంగారం చేసే లెక్క ఇంకొకటి. బంగారం అంటే ప్రొద్దుటూరే. మా వైపు రెండో బొంబాయి అని పిలుచుకునే ఊరు. పెళ్లీడు ఆడపిల్ల ఉన్న ఏ ఇల్లైనా అక్కడి అంగళ్లకు నెలనెలా ఎంతో కొంత కట్టాల్సిందే.

అమ్మ పుస్తకంలో లెక్కలు రాయదు. గోడమీది క్యాలెండర్లో తేదీ గడుల్లో రాస్తుంది. 'పా' అంటే పాలు రాని రోజు. 'గ్యా' అంటే సిలిండరు మార్చిన రోజు. 'చీ' అంటే చీటీ కట్టిన రోజు. పాత క్యాలెండర్లు పిల్లల పుస్తకాలకు అట్టలేయడానికి దాచేది. పిల్లలు పెద్దయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. అలా 2004 నుంచి 2011 దాకా ఎనిమిది క్యాలెండర్లు మిగిలాయి. ఈ వ్యాసం కోసం అవి కింద పరుచుకుని చదివాను. 'చీ 500' అని ఉన్న గడిలోనే కింద మూలన, చిన్న అక్షరాలతో 'చి' అని ఒక అంకె. 2004లో 'చి 12'. పోను పోను 18, 20. చివరికి 25. చీటీ కట్టని రోజుల్లో 'చి' లేదు. బస్సు చార్జీ వేరే ఉంది.

'చి' అంటే చిల్లర ఖర్చు అని తెలుసు. దేనికని అడిగాను. ఫోన్లో కాసేపు మాట లేదు. తర్వాత నవ్వింది.

"ప్రొద్దుటూర్లో చీటీ కట్టి బస్టాండుకొచ్చి కారం దోసె తినేదాన్ని. ఒగటే. ఒగోసారి రోజ్‌మిల్కు గూడా."

"మాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్తే మీకందరికీ కట్టిచ్చుకోని రావల్ల గదా. నలుగురికీ యాడయ్యేది నాయనా? ఐనా ఒక్కదాన్నే కూచ్చోని, వాడు పెనం మీంచి తీసి పెడ్తాంటే తినేది వేరే. పొట్లంలో యాడుంటాది ఆ రుచి?"

ఎనిమిదేళ్ల 'చి'లన్నీ కూడితే రెండు వేలకు కాస్త తక్కువ. అదే ఎనిమిదేళ్లలో కట్టిన చీటీ 48 వేలు. నూరు రూపాయలు దాచినప్పుడల్లా దాదాపు నాలుగు రూపాయలు తనకు తాను ఇచ్చుకుంది. ఇది దుబారా అని ఎవరూ అనరు. త్యాగమయి అని కూడా అనలేం. ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. చీటీ కట్టిన రోజే దోసె. కట్టని నెల దోసె లేదు. ఆ పద్ధతిని ఎనిమిదేళ్లు తప్పకుండా నడిపింది, ఆ సంగతిని ఎనిమిదేళ్లూ ఎవరికీ తెలియనివ్వలేదు.

మా అమ్మ మీద ఎవరైనా కథ రాస్తే, ఆమె తనకంటూ ఏమీ కొనుక్కోలేదనే రాస్తారు. ఇంట్లో అందరం అదే అనుకునేవాళ్లం.

* * *

డేనియల్ మిల్లర్ అనే మానవశాస్త్రవేత్త ఉత్తర లండన్‌లో ఒక వీధి మనుషులతో పాటు అంగళ్లకు తిరిగి 1998లో 'ఎ థియరీ ఆఫ్ షాపింగ్' అని ఒక చిన్న పుస్తకం రాశాడు. అంగడికి పోవడం అంటే విలాసం, స్వార్థం అని అందరూ అనుకుంటారు గానీ, ఆయనకు కనపడింది వేరు. మనుషులు ఎక్కువ భాగం ఇంట్లోవాళ్ల కోసమే కొంటారు, కొంటూ ఎంత ఖర్చయిందో కాదు, ఎంత మిగిలిందో చెప్పుకుంటారు. ఆ పొదుపులోనే ప్రేమ ఉంటుంది. వీటి మధ్యలో కొనేవాళ్లు తమకోసం ఒక చిన్న వస్తువో తినుబండారమో కొనుక్కుంటారు. ఈ చిన్న సరదా గురించి మిల్లర్ చెప్పింది నాకు బాగా నచ్చింది. ఆ ఒక్కటీ 'నాకోసం' అని వేరుగా నిలబడడం వల్లే మిగతా కొనుగోలంతా 'వాళ్లకోసం' అని తేలుతుంది అంటాడు. అంటే సరదా పొదుపుకు శత్రువు కాదు. ఆ పొదుపు ఎవరు చేస్తున్నారో, ఎవరికోసం చేస్తున్నారో చెప్పే గుర్తు అది.

ఈ మాటతో నాకు మా అమ్మ 'చి' అర్థమైంది. అయితే లండన్ వీధికీ ప్రొద్దుటూరు బస్టాండుకూ ఒక తేడా ఉంది. అక్కడ ఆ చిన్న సరదాను దాచాల్సిన పని అంతగా లేదు. దానికి భాషలో ఒక పేరుంది, దాన్ని నలుగురిలో చెప్పుకోవచ్చు. తెలుగులో ఆడమనిషి తనకు తాను చేసుకునే చిన్న ముచ్చటకు మర్యాదైన పేరు ఏది? 'చిరుతిండి' అంటే పిల్లలది. 'జిహ్వచాపల్యం' అంటే తిట్టు. 'సోకు' అంటే ఇంకా పెద్ద తిట్టు. పేరు లేని ఖర్చు కాబట్టి అమ్మ దాన్ని చిల్లర కింద రాసింది.

మగవాళ్ల సంగతికొస్తే పేరుంది. చెయ్యి ఖర్చు. బీడీ, టీ, హోటల్లో మధ్యాహ్నం భోజనం, సినిమా. ఇవన్నీ ఇంటి పొదుపు మొదలవ్వకముందే పక్కకు తీసిపెట్టబడతాయి. లెక్క అడిగేవాళ్లుండరు. అడిగినప్పుడు ఏమైందో మన చరిత్రలో ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం, ఇంకోలా చూస్తే, ఎవరి సరదా ఎవరి తిండిని మింగుతోందన్న లెక్క అడగడమే. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి రెండేళ్లలో సడలిపోయింది. ఆ ఉద్యమం వెనకే నెల్లూరులో రోజుకో రూపాయి దాచే 'పొదుపు లక్ష్మి' వచ్చింది, తర్వాత ఊరూరా పొదుపు సంఘాలొచ్చాయి. మా వీధిలో కూడా వచ్చాయి.

పొదుపు సంఘాలు ఆడవాళ్ల చేతికి పాసుపుస్తకం ఇచ్చాయి, బ్యాంకు మెట్లెక్కించాయి. అది చిన్న మార్పు కాదు. కానీ ఒకటి గమనించండి. మగవాడి సారాను ప్రశ్నించి మిగిల్చిన రూపాయి ఆడమనిషి సరదాకు పోలేదు. పోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. అది గేదెకు, కుట్టుమిషనుకు, పిల్లల చదువుకు పోయింది. అప్పు దేనికని రాయాల్సిన చోట రాయదగ్గ జవాబులు అవే. పథకం పేరులోనే లక్ష్మి ఉంది. లక్ష్మి ఇంటికి సంపద తెస్తుంది. తానే బస్టాండులో దోసె తింటుందని మనం ఊహించం.

* * *

ఇప్పుడు మా కడప కథ దగ్గరికి వస్తాను. నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది, అదీ ప్రేమతో చేసే ఫిర్యాదు.

మా పక్క సింహాద్రిపురం వైపు పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, మనందరికీ రారా, 1968లో కడప నుంచి 'సంవేదన' నడిపాడు. కథలో జీవితం ఉందా లేదా అని మొహమాటం లేకుండా నిలదీసే విమర్శ ఆయనది. ఆ నిలదీతలో పెరిగిన మా కథకు ఒక గంభీరత వచ్చింది. కరువు, అప్పు, జప్తు, వలస, ఫ్యాక్షన్. మా కథకులు వీటిని రాయకపోయుంటే సీమ బతుకు బయటివాళ్లకు తెలిసేది కాదు. కానీ కాలం గడిచే కొద్దీ అదే ఒక ఎదురుచూపుగా మారింది. కడప జిల్లా కథ అనగానే ఎండిన బావో, తెగిన తలో ఉండాలి. మంచి రోజు, మామూలు రోజు, చీటీ కట్టిన రోజు, కరెంటు పోయిన రాత్రి మిద్దెమీద బొరుగులూ చెనిక్కాయలూ తిన్న రోజు సీమకు లేనట్టే అయింది. చిత్తూరు జిల్లా నుంచి నామిని మిట్టూరు కతల్లో, నెల్లూరు జిల్లా నుంచి ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో పిల్లల తిండి ఆశలకూ చిన్న చిన్న ముచ్చట్లకూ బోలెడు చోటు దొరికింది. అక్కడా పేదరికమే. కానీ పిల్లవాడి కంటితో చూశారు కాబట్టి సరదా కనపడింది. పెద్దమనిషి కంటితో, అందులోనూ ఇల్లు నడిపే ఆడమనిషి కంటితో చూసిన సరదా ఇంకా రావాల్సే ఉంది.

మాలో దానికి విత్తనం లేదని కాదు. కమలాపురం దగ్గర రంగసాయిపురంలో పుట్టి 2023లో మనల్ని వదిలిపోయిన కేతు విశ్వనాథరెడ్డి కథల సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆయన కథల్లో ఒకదాని పేరు 'దాపుడు కోక'. కథలోకి పోకుండా ఆ పేరు దగ్గరే కాసేపు ఆగుతాను. దాపుడు కోక అంటే రోజూ కట్టకుండా పెట్టెలో దాచుకునే చీర. పెళ్లికో తిరునాళ్లకో బయటికి వస్తుంది. మా జేజి నోట నేను ఈ మాట వినేవాణ్ని. ఎంత విచిత్రమైన వస్తువో చూడండి. అది పొదుపా, సరదానా? వాడకుండా దాచింది కాబట్టి పొదుపు. తనకోసమే దాచుకుంది కాబట్టి సరదా. రెండూ ఒకే మడతలో ఉన్నాయి. ఇంగ్లీషు చదువుల ఆర్థికశాస్త్రం ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెడుతుంది. మా జేజి భాష అలా నిలబెట్టలేదు. పెట్టె తెరిచి కలరా ఉండల వాసనలో ఆ చీరను ఒకసారి తడిమి మళ్లీ మూసేది. కట్టుకోవడం ఒక ఆనందమైతే, ఉందని తెలిసి ఉండడం ఇంకో ఆనందం.

అందుకే సీమలో సరదాకు భాష లేదని నేను అనను. ఉన్న భాషను కథలు పూర్తిగా వాడుకోలేదంటాను. దాపుడు కోక లాంటి మాట ఉన్న నేల మీద, 'ఆమె తనకంటూ ఏమీ దాచుకోలేదు' అని రాయడం ఆ నేలను సరిగ్గా వినకపోవడమే.

దీనికి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. నిజంగా ఏమీ కొనుక్కోలేని వాళ్లున్నారు కదా, వాళ్ల మాటేమిటి? ఉన్నారు. కరువు ఏడాదుల్లో మా వీధిలోనే ఉన్నారు. కానీ లేమి ఉన్నచోట సరదా ఉండదనుకోవడం కడుపు నిండినవాళ్ల ఊహ. జార్జ్ ఆర్వెల్ 1937లో 'ది రోడ్ టు విగాన్ పియర్'లో ఇంగ్లండు నిరుద్యోగుల తిండి గురించి రాస్తూ, బలమైన తిండి కొనుక్కోకుండా టీకీ చక్కెరకూ వేపుళ్లకూ ఎందుకు ఖర్చు పెడతారో వివరించాడు. బతుకు చప్పగా ఉన్నప్పుడు మనిషికి బలవర్ధకమైన చప్పిడి తిండి వద్దు, కాస్త నోటికి తగిలేది కావాలి అన్నది ఆయన గమనింపు. కూలికి పోయొచ్చే దారిలో ఒక మిరపకాయ బజ్జీ తినే మనిషిని చూసి 'ఇందుకే బాగుపడరు' అనే నోళ్లను నేను చాలా విన్నాను. ఆ నోళ్లూ, 'మా అమ్మ దేవత, ఏమీ తినలేదు' అనే కవితా ఒకే కొలబద్దను వాడుతున్నాయి. తింటే తప్పు, తినకపోతే దేవత. మనిషికి మాత్రం చోటు లేదు.

* * *

ఇదంతా పాతకాలపు ఇళ్ల గొడవ అనుకుంటే, మీ ఫోన్లో ఒక రీల్ చూడండి. చొక్కా చేతులు మడిచిన ఒక కుర్రాడు బోర్డు ముందు నిలబడి చెప్తుంటాడు: రోజుకు 20 రూపాయల టీ మానేయండి, నెలకు 600, సిప్‌లో పెట్టండి, ఏడాదికి 12 శాతం రాబడితో 20 ఏళ్లకు దాదాపు 6 లక్షలు. కూడిక తప్పు కాదు. నేను వేసి చూశాను, సరిగ్గానే వస్తుంది. కానీ ఏడాదికి 6 శాతం చొప్పున ధరలు పెరిగితే అప్పటి 6 లక్షలు ఇప్పటి 2 లక్షల కంటే తక్కువే. ఆ 12 శాతం వస్తుందని రాసిచ్చేవాళ్లూ లేరు. ఇది బోర్డు మీదికి రాదు. ఇంకా రానిది ఇంకోటుంది. 20 ఏళ్లపాటు రోజూ నాలుగింటికి ఆఫీసు మెట్లు దిగి, పక్క సీటు మనిషితో నిలబడి తాగిన ఆ టీ. దాని విలువ ఆ లెక్కలో సున్నా. హమీద్ పాఠాన్ని 12 శాతం రాబడితో మళ్లీ చెప్తున్నట్టుంది నాకు.

దీనికి రెండోవైపు ప్రకటనలున్నాయి. మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి, మీకు మీరే బహుమతి ఇచ్చుకోండి అంటాయి. ఇచ్చుకున్నాక ఫొటో పెట్టమంటాయి. మా అమ్మ దోసెనూ దీన్నీ ఒక్కటి చేయలేను. ఆమె సరదాకు ఒక కొలత ఉంది, ఒక షరతు ఉంది, చీటీ రశీదు ఉంది. ప్రకటనల సరదాకు కొలత ఉండకూడదు, ఉంటే వాళ్లకు నష్టం. మానేయమనే కుర్రాడికీ కొనేయమనే ప్రకటనకూ మధ్యలో మామూలు సంసారాలు ఎప్పట్నుంచో ఒక మూడో పద్ధతి నడుపుతున్నాయి. దాచిన దాంట్లోంచి నూటికి నాలుగు. దాని గురించి మాట్లాడేవాళ్లు లేరు, ఎందుకంటే దాన్ని నడిపినవాళ్లు చెప్పుకోలేదు, రాసేవాళ్లు అడగలేదు.

రహస్యంగా ఉంచుకోవడంలోనే ఆమెకు సుఖం ఉందేమో, బయటపెట్టడం ఎందుకు అని ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అమ్మ మాటల్లోనే ఆ సుఖం ఉంది, ఒక్కదాన్నే కూచుని తినడం వేరే అంది కదా. ఆ ఏకాంతాన్ని నేను గుంజుకోవాలనుకోవడం లేదు, ఆమెను అడిగే ఇది రాస్తున్నాను. కానీ ఇష్టపడి దాచుకోవడం వేరు, దాచక తప్పకపోవడం వేరు. ఆమె చెప్పిన కారణాలు రెండు. రుచి ఒకటి, నలుగురికీ తేవాల్సి రావడం ఇంకొకటి. మొదటిది ఆమె ఏకాంతం. రెండోది మా ఇంటి కట్టుబాటు. కథ రాసేవాళ్లు ఈ రెంటినీ విడదీసి చూపించగలిగితే, పొగడ్తలో మునిగిపోయిన ఒక మనిషి పైకి తేలుతుంది. పొదుపు కథ అప్పుడు నీతికథ కాకుండా పోతుంది. తాను మిగిల్చిన దాంట్లో తన వాటా ఎంతో తానే తేల్చుకున్న మనిషి కథ అవుతుంది.

తెలుగులో కొత్తగా కథలు రాస్తున్నవాళ్లు చాలామంది ఊళ్లొదిలి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లే. అమ్మ మీద కథ రాయని వాళ్లు తక్కువ. ఆ పాత వాక్యాన్ని ఇక రాయొద్దని నేను చెప్పను, కొందరి విషయంలో అది అక్షరాలా నిజం కావచ్చు. రాసే ముందు ఒక్కసారి ఆమెకు ఫోన్ చేసి అడగమంటాను. టౌనుకు పోయినప్పుడు ఏం తినేదానివి, ఎవరితో తినేదానివి, ఎంతయ్యేది, ఏ పద్దు కింద రాసేదానివి అని. ముందు "ఏం లేదు లే" అంటుంది. వెంటనే ఫోన్ పెట్టేయకండి.